డిచ్‌పల్లి వైద్యురాలు ఇసబెల్ కెర్

నాంపల్లి స్టేషనులో రైలు దిగి ఆబిడ్స్ దిశగా నడచివెళ్లేవారికి ఆ చుట్టుపట్ల క్రైస్తవ ప్రార్థనాలయాలు, వాటికి అనుబంధంగా వెలసిన విద్యాలయాలు కనిపిస్తాయి. సెయింట్ జార్జి చర్చి ఈ ప్రాంతానిదే. 1895లో ఆరంభమైన స్టాన్లీ బాలికల పాఠశాల చాపెల్ రోడ్డున ఉన్నది. నేను విద్యార్థిగా ఉన్న రోజులలో ఆ బాటలో మరొక దృశ్యం కూడా కంటబడేది. వేళ్లు అరిగిపోయిన చేతులు చాచి కుష్ఠువ్యాధిగ్రస్తులు కొందరు గోడవారగా కూర్చుండేవారు. దారినపోయేవారు జాలిపడి నాణెం వేసేవారు. కాని చేయి చేతికి తగులకుండా పైనుంచి జారవిడిచేవారు. నేనూ అట్లే చేశాను. దానం చేస్తూనే మనిషిని దూరంగా ఉంచవచ్చునన్న సంగతి అప్పుడు నాకు తోచలేదు. డాక్టర్ ఇసబెల్ కెర్ జీవితగాథ చదివిన తరువాత తోచింది.

ఆమె కర్మభూమి హైదరాబాదు నగరం కాదు. నగరానికి ఉత్తరాన, నిజామాబాదు సమీపాన ఉన్న డిచ్‌పల్లి. కొండమీది రామాలయం వల్ల ఆ ఊరిపేరు మనకు సుపరిచితమే. ఆ పేరును వైద్యచరిత్రలోకి ఎక్కించిన వనిత ఈమె.

ఇసబెల్ 1875లో స్కాట్లండు దేశంలో జన్మించారు. అంతకు రెండేళ్ల ముందే, 1873లో, నార్వే వైద్యుడు హాన్సెన్ కుష్ఠువ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నాడు. ఈ వ్యాధి పాపఫలమూ కాదు, వంశదోషమూ కాదు అని శాస్త్రం ఆనాడే తేల్చింది. లోకం మాత్రం నమ్మలేదు. స్త్రీలు వైద్యవిద్య నభ్యసించడమే అరుదైన ఆ కాలంలో ఇసబెల్ అబర్డీన్ విశ్వవిద్యాలయంలో చదివి 1903లో పట్టభద్రురాలయ్యారు. మతబోధకుడైన జార్జి కెర్‌ను వివాహమాడి, 1907లో వెస్లియన్ మెథడిస్టు మిషను పక్షాన భర్తతో కలసి నిజాం రాజ్యానికి వచ్చారు.

నిజామాబాదు ప్రాంతంలో ఆమెను కలచివేసినది కుష్ఠురోగుల దుస్థితి. వారికి మందు లేదు, ఊరిలో చోటు లేదు. దంపతులు 1911లో వారికోసం ఒక చిన్న కేంద్రాన్ని నెలకొల్పారు. వార్త పాకిన కొద్దీ రోగులు తరలివచ్చారు, స్థలం చాలలేదు. అప్పుడు రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత పెద్ద విరాళమిచ్చి ఆదుకున్నాడు. ఆ విధంగా 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆస్పత్రి వెలసింది. ముస్లిం ప్రభువు ఏలుబడిలో, హిందువు ఇచ్చిన ధనంతో, క్రైస్తవ వైద్యురాలు చేసిన సేవ అది. ఈ సంగతి మన విద్యార్థులు ప్రత్యేకంగా గుర్తుంచుకోదగినది.

ఆనాటి ఔషధం చాల్ముగ్రా జాతి గింజల నూనె. మన సుశ్రుతుడు తువరకమన్న పేరుతో ఎరిగినదే. కడుపులోకి పుచ్చుకుంటే వాంతులయ్యే ఆ నూనెను సూదిమందుగా ఇచ్చే పద్ధతిని కలకత్తాలో లియొనార్డ్ రాజర్స్, ఎర్నెస్టు మ్యూర్ మొదలైన వైద్యులు అభివృద్ధి చేశారు. ఇసబెల్ దానిని డిచ్‌పల్లిలో శ్రద్ధగా అమలుపరచారు. ఆ సూదిపోటు బాధాకరం; చికిత్స నెలల తరబడి సాగేది; ఫలితం అందరికీ ఒకేలా ఉండేది కాదు. అయినా రోగులు ఎందుకు నిలిచారు? అక్కడ వారికి దొరికినది మందు ఒక్కటే కాదు గనుక. నివాసం దొరికింది, తోడు దొరికింది. అన్నిటికంటె మిన్నగా, జంకులేకుండా పుండు కడిగి కట్టుకట్టే చేయి దొరికింది. క్రీస్తు కుష్ఠురోగిని తాకి స్వస్థపరచిన గాథ ఆమెకు ప్రసంగవిషయం కాదు, దినచర్య.

మిషనరీల సేవలో మతప్రచారోద్దేశం లేదా అని అడిగేవారున్నారు. ఉన్నదన్నది దాచవలసిన విషయం కాదు. ఆనాటి మిషనులు దానిని దాచలేదు కూడా. దిక్కులేని రోగి ఎదుట బోధకుని బాధ్యత మరింత పెద్దదన్న మాటా నిజమే. కాని అయినవారే వెలివేసిన మనిషిని ఎవరు చేరదీశారన్న ప్రశ్న కూడా మనం వేసుకోక తప్పదు.

1923లో ఆమెకు కైసరీహింద్ పతకం లభించింది. 1932లో, ఈ గడ్డపై పాతికేళ్ల సేవానంతరం, ఆమె కన్నుమూశారు. నిజమైన మందును ఆమె చూడలేదు. డాప్సోన్ 1940 తరువాత వచ్చింది. రోగాన్ని సమూలంగా నయంచేసే బహుళ ఔషధ చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సిఫారసు చేసింది. నేడు ఆ మందులు ఉచితంగా లభిస్తున్నాయి.

మందు వచ్చినంత వేగంగా మనసు మారలేదు. కుష్ఠువ్యాధి విడాకులకు కారణం కారాదని మన పార్లమెంటు చట్టం చేసినది 2019లో మాత్రమే. నయమయ్యే రోగమని తెలిసిన తరువాత కూడా దాదాపు నాలుగు దశాబ్దాలపాటు, జీవిత భాగస్వామిని ఆ కారణంగా విడనాడే హక్కును శాసనమే ఇస్తూవచ్చింది. శరీరం స్వస్థమైనా ఇంటి తలుపు మూసుకొనిపోతే ఆ మనిషికి ఆరోగ్యం వచ్చినట్లేనా? మందు లేని కాలంలోనే ఈ ప్రశ్నకు సమాధానం వెతికిన వైద్యురాలు ఇసబెల్ కెర్.

ఇప్పుడు నాంపల్లి దారిన వెళ్లినప్పుడు ఎవరైనా చేయి చాస్తే నాణెం పైనుంచి జారవిడవను. వంగి, ఆ అరచేతిలో పెడతాను. అది గొప్ప పని కాదు. డిచ్‌పల్లి నేర్పిన మొదటి పాఠం మాత్రమే.