మన్రో దొరయు, మన ఊరి రచ్చకట్టయు

అనంతపుర మండలమున వాన నమ్మదగిన చుట్టము కాదు. నైరుతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును. తూర్పు తీరమునుండి వచ్చు మేఘము ఇచటికి చేరునప్పటికి అలసిపోవును. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటుగా కురియును. అదియైనను రావలసిన నెలలో వచ్చునని చెప్పజాలము. ఇట్టి మెట్టసీమలో ఒంటరివాడు బ్రదుకజాలడు. చెరువుకట్ట ఒక్కడు వేయలేడు. తెగిన మరవను ఒక్కడు పూడ్చలేడు. కనుకనే మన పెద్దలు ఊరినడుమ చెట్టునీడను రచ్చకట్ట కట్టుకొని, నీటి పంపకము మొదలు పొలిమేర తగవు వరకు పదిమంది కూర్చుండి అచటనే తేల్చుకొనిరి.

ఈ ఏర్పాటును కన్నులార చూచి, మెచ్చి, కాగితమున కెక్కించిన ఆంగ్లేయ ఉద్యోగి సర్ థామస్ మన్రో. దానిని మెచ్చినవాడును ఆయనయే. తాను కోరకయే దాని పట్టు సడలించినవాడును ఆయనయే యని నా యభిప్రాయము. ఆయన జీవితమును ఈ వైపునుండి చెప్పినవారు తక్కువ. కావున ఈ వ్యాసము.

మన్రో 1761 మే 27న స్కాట్లండు దేశమునందలి గ్లాస్గో నగరమున జన్మించెను. తండ్రి అలెగ్జాండరు అమెరికాతో పొగాకు వర్తకము చేయువాడు. అమెరికా స్వాతంత్ర్య సమరముతో ఆ వర్తకము కూలిపోయెను. చదువుకొన్న కుమారుడు బ్రదుకుతెరువు వెదకికొనవలసి వచ్చి, ఈస్టిండియా కంపెనీ పదాతిదళమున చేరి, 1780 జనవరిలో చెన్నపట్టణమున దిగెను. ఆ సంవత్సరమే హైదరాలీ కర్ణాటకముపై దండెత్తెను. కుఱ్ఱవాని తొలి యేండ్లు ఆ యుద్ధములోనే గడచెను. యుద్ధముల వృత్తాంతమును ఇంతటితో విడిచెదను. అది మనకు ముఖ్యము కాదు.

1792లో టిప్పు సుల్తాను విడిచిపెట్టిన బారామహల్ సీమకు కెప్టెన్ రీడ్ అధికారియై రాగా, మన్రో ఆయనకు సహాయకుడయ్యెను. నేటి సేలము, ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతమే ఆ సీమ. అచట ఏడేండ్లు పొలముగట్లపై తిరిగి, రైతు ఏమి పండించును, ఏమి తినును, ఏమి చెల్లించును అనునది ఆయన నేర్చెను. జమీందారు, గుత్తదారు నడుమ లేక, సర్కారు నేరుగ రైతుతోనే శిస్తు నిర్ణయించు పద్ధతి అచటనే రూపుదిద్దుకొనెను. దానినే రైత్వారీ అందురు. పిదప కొంతకాలము కన్నడ తీరమున పనిచేసి, 1800 చివర మన సీమకు వచ్చెను.

నిజాము ఆ సంవత్సరము అక్టోబరులో కంపెనీకి ఇచ్చివేసిన జిల్లాలే దత్తమండలములు. బళ్ళారి, అనంతపురము, కడప, కర్నూలులోని కొంత భాగము అందు చేరినవి. సుమారు ఎనుబదిమంది పాళెగాండ్రు తలకొక కోట పట్టుకొని యుండిరి. శిస్తు ఎవనికి చెల్లింపవలయునో రైతునకు తెలియని కాలమది. మన్రో పాళెగాండ్రను అణచెను. కొందరిని వెడలగొట్టెను, కొందరికి భరణమిచ్చెను. ఈ పని మెత్తని చేతితో జరుగలేదు. 1801లో తెర్నేకల్ గ్రామస్థులు ఎదిరించి శిస్తు వసూలుకు వచ్చిన ఉద్యోగిని చంపగా, కంపెనీ సైన్యము ఆ ఊరి కోటను ముట్టడించి పట్టుకొనెను. దొర దయామయుడని మాత్రమే చెప్పు మన పెద్దలు ఈ సంగతిని దాటవేయుదురు. దాటవేయరాదు.

అనంతపురమును తన కచేరీకి నెలవు చేసికొన్నను, ఆయన సంవత్సరమున పెద్ద భాగము గుడారములలోనే గడపెను. ఊరి వెలుపల తోపున దిగుట, రెడ్డిని, కరణమును, రైతులను పిలిచి మాటాడుట, మరునాడు మరియొక ఊరు. 1802లో భూముల కొలత ఆరంభమయ్యెను. ముప్పదిమూడడుగుల గొలుసుతో చేను వెంబడి చేను కొలిచి, నేల తరము నిర్ణయించిరి. నేటికిని మన పల్లెలలో పాత కాగితములు విప్పినచో ఆ కొలతల వాసన తగులును.

ఈ తిరుగుళ్ళలో ఆయన కంటబడినది ఊరి కట్టుబాటు. ఆనాటి పల్లెకు రెడ్డియో గౌడయో పెద్ద. లెక్కకు కరణము, కావలికి తలారి. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి మొదలగువారితో కలిపి పన్నిద్దరు ఆయగాండ్రు. వీరిలో నీరుగంటి పని మన సీమకు ప్రాణము వంటిది. చెరువు తూము ఎప్పుడెత్తవలయును, ఏ మడికి ఎంతసేపు నీరు పారవలయును అనునది అతని చేతిలోనిది. తన మడికి ముందు పారించుకొనునను అనుమానము రాకుండ పదిమందికి జవాబు చెప్పవలసినవాడు. వీరెవ్వరికిని నెలజీతము లేదు. కళ్ళమున పంట కొలుచునపుడు ఇన్ని మానికలని మేర, కొందరికి మాన్యము. కాయకమను మాట ఎరిగిన మన పాఠకులకు ఇది క్రొత్తగ తోపదు: ఊరికి అక్కఱయైన పని ఒకడు చేయును, ఊరి పంటలో అతనికి పాలుండును.

చెరువులకును ఇట్టి ఏర్పాటే. స్వంత ధనముతో చెరువో బావియో త్రవ్వించినవానికి, తెగినదానిని బాగుచేయించినవానికి, దానిని కాపాడుచుండవలెనను కట్టడితో దశబంధ మాన్యమిచ్చుట విజయనగర కాలమునుండి వచ్చిన ఆచారము. అనంతపురము చెరువునే చూడుడు. బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు 1364లో పండమేరుకు అడ్డముగ కట్టించెనని చెప్పుదురు, నేటికిని నిలిచియున్నది. క్రొత్త చెరువులు వేయింపవలెనను తలపు పై అధికారులకు కలిగినపుడు, అట్టి యత్నము వ్యర్థమని మన్రో వ్రాసెను. ఈ సీమలో చెరువునకు తగిన చోటు ఏదియు పూర్వులు విడిచిపెట్టలేదనియు, ఉన్నవానిని నిలుపుకొనుటయే చేయదగిన పనియనియు ఆయన తలంపు. ఒక విదేశీయుడు మన పూర్వుల పనితనమునకు ఇచ్చిన గౌరవము ఇంతకు మించినది నేనెరుగను.

1806 మే 15న అనంతపురమునుండి వ్రాసిన నివేదికలో, ఆయగాండ్రతో కూడిన ప్రతి గ్రామమును ఒక చిన్న ప్రజారాజ్యమేయనియు, ఈ దేశమంతయు అట్టి రాజ్యముల కూడలియనియు ఆయన వర్ణించెను. పైనున్న ప్రభువులు మారుచుందురు. ఊరు మాత్రము తన పెద్దను చూచుకొని తన పని తాను చేసికొనును. 1812లో పార్లమెంటు ముందుకు వచ్చిన ఐదవ నివేదికయందును ఇట్టి వర్ణనమే కనబడును. గ్రామస్వరాజ్యమును గూర్చి పిమ్మట జరిగిన చర్చలన్నిటి వెనుక అనంతపురము కచేరీలో వ్రాసిన ఈ కాగితమున్నదని మనవారికి తెలిసియుండవలెను.

ఐనను ఒక మాట చెప్పక తప్పదు. దొర చూచిన రచ్చకట్ట అందరిది కాదు. దానిమీద కూర్చుండువారు కొందరు, క్రింద నిలువబడువారు కొందరు, దూరమున నిలిచి తీర్పు వినవలసినవారు మరికొందరు. స్త్రీకి అచట నోరు లేదు. కల్యాణమున బసవేశ్వరుని అనుభవ మంటపములో చెప్పులు కుట్టు హరళయ్యకును, అక్కమహాదేవికిని తావుండెను. ఆ కొలతతో కొలిచినచో మన్రో మెచ్చిన ప్రజారాజ్యము సగము మాత్రమే ప్రజలది.

ఇక రైత్వారీ సంగతి. ప్రతి రైతునకు వేరువేరుగ పట్టా, వేరువేరుగ శిస్తు. రైతునకు ఇది గొప్ప మేలు. తన చేనుకు తానే జవాబుదారి, రెడ్డి దయమీద ఆధారపడనక్కరలేదు. కాని ఊరంతయు కలిసి శిస్తు పంచుకొను కాలమున పదిమంది కూర్చుండుటకొక కారణముండెను. ఆ కారణము పోయెను. ఎవని పట్టా వానిది, ఎవని కచేరీ దారి వానిది. ఏడేండ్లలో సర్కారు రాబడి ఒకటిన్నర రెట్లయ్యెను. ఆ భారము హెచ్చని మన్రోకును తెలియును. 1807లో వెళ్ళుటకు ముందు అన్ని భూములపైనను నూటికి ఇరువదియైదు, చెరువు బావుల క్రింది భూములపై మరియు ఎనిమిది తగ్గింపవలెనని ఆయన సిఫారసు చేసెను. పైవారు వినలేదు.

ఆయన స్వదేశమునకు పోగానే రైత్వారీని తీసివేసి ఊళ్ళను గుత్తకిచ్చిరి. మొదట మూడేండ్లకు, పిమ్మట పదేండ్లకు. రచ్చకు అధిపతియైన రెడ్డియే గుత్తదారుడై ఇరుగుపొరుగుపై వసూలుకు దిగెను. పెద్దరికము నిలుచుట ఎట్లు? గుత్త కట్టలేక చెడినవారును కలరు. రచ్చకట్టకు రైత్వారీ చేసిన కీడుకంటె ఈ గుత్త చేసిన కీడు మిక్కుటమని నాకు తోచుచున్నది.

మన్రో 1814లో జేన్ కాంబెల్‌ను వివాహమాడి, న్యాయవిచారణ సంస్కరణకు నియమితుడై తిరిగివచ్చెను. కంపెనీ కోర్టులు దూరమున నుండి, తెలియని భాషలో, తరుగని ఖర్చుతో రైతును పీడించుచుండెను. ఊరి తగవు ఊరిలోనే తీరవలెనని ఆయన పట్టుదల. దాని ఫలమే 1816 నాటి శాసనములు. గ్రామపెద్ద మున్సబు అయ్యెను. పది రూపాయల లోపు వ్యాజ్యములు అతడే తీర్పవచ్చును. ఇరువాదులు ఒప్పుకొన్న నూరు రూపాయల వరకు మధ్యవర్తియై తీర్పవచ్చును. ఎంత మొత్తమైనను ఇరువాదులు సమ్మతించినచో పంచాయతీకి పెట్టవచ్చును. వినుటకు ఎంత బాగున్నది! కాని ఆ పంచాయతీలకు జనులు అంతగ రాలేదు. పంచులకు ప్రతిఫలము లేదు. తప్పు జరిగిన పైకోర్టు ప్రశ్నించును. తాఖీదులు, వ్రాతలు వేరు. పూర్వము ఊరి మాటకు కట్టుబడుటకు ఊరే కారణము. ఇప్పుడు కారణము శాసనము. ఊరు పట్టు సడలినచోట శాసనము ఒక్కటియే నిలువలేకపోయెను.

1820 జూన్‌లో ఆయన మద్రాసు గవర్నరయ్యెను. రైత్వారీ మరల వచ్చెను. పదుమూడేండ్ల క్రిందట తాను కోరిన తగ్గింపును ఈసారి తానే అమలుపరచెను. మన పాఠకులు తప్పక ఎరుగవలసినది మరియొకటి కలదు. 1822లో ఆయన రాజధానియందలి బడులన్నిటిని లెక్కింపుడని కలెక్టర్లకు ఆజ్ఞాపించెను. అనంతపురము అప్పటికి బళ్ళారి జిల్లాలోనిదే. వేరు జిల్లా అగుట 1882లో. బళ్ళారి కలెక్టరు కాంబెల్ 1823లో పంపిన లెక్క యిది: బడులు 533. కన్నడము 235, తెలుగు 226, సంస్కృత విద్యలు నేర్పునవి 23, మరాఠీ 23, పారసీ 21, అరవము 4, ఇంగ్లీషు ఒక్కటి. విద్యార్థులు 6,641, అందు బాలికలు అరువదిమంది. బడిపంతులనగుటచే ఈ లెక్క చూచినపుడెల్ల నేను ఆ అరువదియొద్ద ఆగిపోవుదును. ఈ బడులు సర్కారువి కావు. ఊరు నడిపినవి, పంతులుకు పిల్లల తలిదండ్రులే ఇచ్చికొనిరి. లింగధారుల పిల్లలు చదువు గ్రంథములను కాంబెల్ వేరుగ పేర్కొనెను. బసవపురాణము, చెన్నబసవపురాణము, గిరిజాకల్యాణము అందు కలవు. నేతపని దెబ్బతిని జనులు పేదలగుటచే బడులు క్షీణించుచున్నవని కూడ దాచక వ్రాసెను.

రాజధాని మొత్తమున తేలిన బడులు 12,498. దానిపై 1826 మార్చి 10న మన్రో ఒక పథకము వ్రాసెను. జిల్లాకు రెండు పెద్దబడులు, తాలూకాకు ఒక బడి; తాలూకా పంతులుకు నెలకు తొమ్మిది రూపాయలు, జిల్లా పంతులుకు పదునైదు. ఆయన బ్రదికియున్నచో ఏమయ్యెడిదో గాని, ఆయన పిమ్మట ఈ బడులను పట్టించుకొన్నవారు లేరు. 1836లో మూతపడెను.

విశ్రాంతి కోరుచుండిన గవర్నరు, వెళ్ళుటకు ముందు దత్తమండలములను కడసారి చూడగోరి 1827 వేసవిలో బయలుదేరెను. దండులో కలరా ప్రబలెను. గుత్తి దాటి పత్తికొండ చేరిన దినమున, జులై 6న, ఆయనకును సోకెను. సాయంకాలమునకు ప్రాణము పోయెను. ఆ రాత్రియే దేహమును గుత్తికి తెచ్చి మరునాడు కోటక్రింది శ్మశానమున పూడ్చిరి. 1831లో అస్థికలను చెన్నపట్టణము కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించిరి.

చెన్నపట్టణమున 1839లో చాంట్రీ మలచిన అశ్వారూఢ విగ్రహము నిలిపిరి. దానికి రికాబులు లేవని చూడవచ్చినవారు వింతగ చెప్పుకొందురు. గుత్తిలో బాటసారులకొక సత్రము కట్టించిరి. పత్తికొండలో ఆయన మరణించినచోట తోపు నాటి, రాతిమెట్ల బావి త్రవ్వించిరి. మంత్రాలయమున ఆయనకు రాఘవేంద్రస్వామి దర్శనమైనదనియు, గండిక్షేత్రమున బంగారు తోరణము కనబడినదనియు జనులు చెప్పుకొందురు. ఆయన తిరిగిన ఊళ్ళలో చాలకాలము మగపిల్లలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిరి.

చెరువుల మరమ్మతునకు ఊరివారు కలిసి పనిచేయు కుడిమరామత్తును 1858లో శాసనముతో నిలుపజూచిరి. ఆంధ్రప్రదేశమున 1997లో నీటివినియోగదారుల సంఘములను చట్టము చేసి ఏర్పరచిరి. కాలువపై సంఘము పేరు వ్రాసిన బోర్డులు పెక్కుచోట్ల చూచితిని. వానిలో ఎన్నింటి సభ్యులు వానకు ముందు కట్టమీద కలిసి నడచి, మరవను చూచి, పూడికను కొలిచిరో ఆ ఊరివారే చెప్పవలయును.