అంకెల అనువాదకుడు – కొన్రాడ్ జూసె

మానవుడు తన పది వేళ్ల ఆధారంగా దశాంశ పద్ధతిలో లెక్కించడం నేర్చాడు. గణనయంత్రానికి మాత్రం సున్న, ఒకటి అనే రెండంకెలే తెలుసు. యంత్రం సాధించిన ఫలితం మానవుడు చదువగలిగే అంకెలలోకి మారనిదే ఆ శ్రమ నిష్ఫలం. ఆ మార్పును యంత్రానికే అప్పగించిన తొలితరం మేధావులలో కొన్రాడ్ జూసె అగ్రగణ్యుడు.

జూసె 1910 జూన్ 22న జర్మనీలోని బెర్లిన్ నగరంలో జన్మించాడు. సివిల్ ఇంజనీరింగులో 1935లో పట్టా పొంది, విమాన కర్మాగారంలో ఉద్యోగంలో చేరాడు. ఒకే రకపు లెక్కలను పదేపదే చేతితో చేయవలసి రావడం ఆయనకు విసుగు కలిగించింది. ఉద్యోగం విడిచి, తల్లిదండ్రుల ఇంటినే ప్రయోగశాలగా మార్చుకొన్నాడు. మిత్రుల సహాయంతో 1938 నాటికి లోహపు రేకులతో జడ్1 యంత్రాన్ని నిర్మించాడు. అది తరచు మొరాయించినా ఆయన వెనుదీయలేదు.

1941 మే 12న విద్యుత్ రిలేలతో పనిచేసే జడ్3 యంత్రాన్ని శాస్త్రజ్ఞుల ఎదుట ప్రదర్శించాడు. అందులో ప్రతి సంఖ్యకు 22 బిట్లు కేటాయించాడు. వాటిలో 1 ధన, రుణ గుర్తుకు, 7 ఘాతానికి, 14 అంకెల భాగానికి చెందుతాయి. బిందువు స్థానాన్ని ఘాతమే నిర్ణయిస్తుంది గనుక అతి పెద్ద సంఖ్యలూ అతి చిన్న సంఖ్యలూ ఆ కొద్ది చోటులోనే ఇముడుతాయి. నేడు ఫ్లోటింగ్ పాయింట్ అని పిలిచే పద్ధతి ఇదే.

అయితే ఇందులో ఒక చిక్కు ఉన్నది. దశాంశంలో సులువుగా వ్రాసే 0.1 ద్విసంఖ్యామానంలో అంతులేని అంకెల వరుసగా మారుతుంది. దానిని ఎక్కడో ఒకచోట తెంచక తప్పదు. జడ్3 ఖచ్చితత్వం సుమారు నాలుగు దశాంశ అంకెలకు పరిమితం. మీటలతో నాలుగంకెలు నమోదు చేస్తే యంత్రమే వాటిని ద్విసంఖ్యగా మార్చుకొనేది. గణన ముగిశాక ఫలితాన్ని తిరిగి దశాంశంలోకి తెచ్చి, కొద్ది అంకెలనే దీపాల వెలుగులో చూపేది. అంతకుమించి చూపడం లేని ఖచ్చితత్వాన్ని ఉన్నట్లు నటించడమే అవుతుంది.

యుద్ధకాలంలో ఆయన ప్రతిభ బాంబుల రెక్కల గణనకు సైతం వినియోగపడడం ఒక చేదు నిజం. ఆ యుద్ధమే 1943లో బాంబుల రూపంలో జడ్3ను బూడిద చేసింది. తరువాత నిర్మించిన జడ్4ను 1945లో బెర్లిన్ దాటించి, చివరకు ఆల్ప్స్ పర్వత ప్రాంతపు గ్రామానికి చేర్చి కాపాడుకొన్నాడు. 1950లో అది స్విట్జర్లాండులోని జ్యూరిక్ సాంకేతిక విద్యాలయానికి చేరింది. అక్కడ దాని ఫలితాలను టైపు యంత్రం కాగితంపై అక్షరబద్ధం చేసేది.

జూసె 1995 డిసెంబరు 18న కన్నుమూశాడు. నేడు ప్రోగ్రాములు సంఖ్యలను అక్షరాల వరుసగా మార్చే ప్రతిసారీ ఎన్ని అంకెలు చూపాలన్న ఆనాటి ప్రశ్నే ఎదురవుతుంది. తెలిసినంతే చెప్పడం యంత్రానికైనా మనిషికైనా శోభనిస్తుంది.