ఒంటి కన్నుతో చూసిన ఊరు

సెకండ్ ఇయర్‌లో ‘క్వైదాన్’ అనే పాత జపాన్ సినిమా చూశాను. ఆ దెయ్యం కథలు రాసిందెవరా అని వెతికితే లాఫ్కాడియో హెర్న్ అని తెలిసింది. జపాన్ ఆయన కాదు, ఐర్లాండ్ నుంచి అమెరికా వెళ్ళిన కుర్రాడు! అప్పట్నుంచీ ఆయన్ని వదల్లేదు నేను.

తండ్రి ఐరిష్ మిలటరీ డాక్టరు, తల్లి గ్రీకు. 1850లో లెఫ్కాడా దీవిలో పుట్టాడు, ఆ దీవి పేరే ఆయన పేరయింది. రెండేళ్ళకే డబ్లిన్ చేరాడు. అమ్మానాన్నలు విడిపోతే ఒక ముసలి బంధువు పెంచింది. పదహారేళ్ళకి స్కూల్లో ఆటలో దెబ్బ తగిలి ఎడమ కన్ను పోయింది. మిగిలిన కన్నుకీ చూపు తక్కువే. ఫొటో తీస్తుంటే ఆ పక్క కనపడకుండా ముఖం తిప్పేసేవాడట.

1869లో, పంతొమ్మిదేళ్ళకి, సిన్సినాటిలో దిగాడు. చేతిలో డబ్బుల్లేవు, తెలిసినవాళ్ళూ లేరు. హెన్రీ వాట్కిన్ అనే ఇంగ్లిష్ ప్రింటరు జాలిపడి తన షాపులో చోటిచ్చాడు. కత్తిరించిన కాగితం ముక్కలే పరుపు. హాస్టల్ మంచం మీద కంప్లైంట్ రాసే ముందు ఇది గుర్తుతెచ్చుకుంటా.

1872 నుంచి ఎంక్వైరర్ పత్రికకి రాయడం మొదలెట్టాడు. మిగతా రిపోర్టర్లు పెద్దగా పట్టించుకోని చోట్లకి వెళ్ళేవాడు. ఒహాయో నది రేవులో పడవలకి సరుకు మోసే నల్లజాతి హమాలీల పక్కన కూర్చుని వాళ్ళ పాటలు రాసుకున్నాడు. ఒకసారైతే పనివాళ్ళతో కలిసి చర్చి శిఖరం పైకెక్కి, అక్కణ్ణుంచి ఊరు ఎలా ఉందో రాశాడు. ఆ కన్నుకి అంత దూరం ఆనుతుందా? ఇది రిపోర్టింగా, కల్పనా అని మా రూమ్‌లో పెద్ద గొడవే అయింది.

ఆయన ఉన్న బోర్డింగ్ హౌస్‌లో వంటచేసే ఆమె అలీథియా ఫోలీ. బానిసగా పుట్టిన మనిషి. దెయ్యాల కథలు బాగా చెప్పేది. 1874లో ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు. తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ పెళ్ళి చేసుకోకూడదని అప్పటి ఒహాయో చట్టం. మరుసటేడు ఎంక్వైరర్ ఉద్యోగం పోయింది, వేరే పత్రికలో చేరాడు.

ఇక్కడిదాకా ఆయన నా హీరో. తర్వాతే చిక్కు. కాపురం నిలవలేదు. 1877లో న్యూ ఆర్లియన్స్‌కి వెళ్ళిపోయాడు, ఆమె ఉండిపోయింది. 1890లో జపాన్ చేరి, అక్కడ పెళ్ళి చేసుకుని, కొయిజుమి యకుమో అయ్యాడు. 1904లో పోయాడు. ఆ చట్టం 1887లోనే రద్దయింది. అయినా భార్యగా హక్కు కోసం ఫోలీ కోర్టుకెళ్తే, ఆ పెళ్ళి చెల్లదన్నారు.

జపాన్‌లోనూ భార్య చెప్పిన కథలు వినే రాశాడు. కానీ రాత్రిపూట ఒకామె చెప్తుంటే దెయ్యం కథలు వినడం మాత్రం సిన్సినాటిలోనే అలవాటైందని నాకనిపిస్తుంది. ఎవరూ చూడని వాళ్ళని చూసిన కన్నే ఆమెని వదిలేసి వెళ్ళింది. ‘క్వైదాన్’ మళ్ళీ చూస్తే, ఈసారి నాకు ముందు గుర్తొచ్చేది ఆ వంటింటి ఫోలీయే.