పాఠం 9 : ఇంటికి దూరంగా పండుగ – నేతాజీ సుభాష్ చంద్రబోస్

9.0 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు
- బోస్ జీవితంలోని మూడు ముఖ్య ఘట్టాలను వివరించగలుగుతారు.
- ఒక వేడుక వెనుక దాగిన కష్టాన్ని గుర్తించగలుగుతారు.

9.1 పరిచయం

పండుగనాడు ఇంట్లో అయినవారి మధ్య ఉండాలని అందరికీ ఉంటుంది. ఉద్యోగం కోసమో చదువు కోసమో ఊరు విడిచిన మీకు ఆ బాధ తెలిసే ఉంటుంది. సుభాష్ చంద్రబోస్ జీవితంలో చాలా పండుగలు ఇంటికి దూరంగానే గడిచాయి. ఆయన 1897 జనవరి 23న కటక్‌లో జన్మించారు. ఐ.సి.ఎస్. పరీక్షలో నాలుగో స్థానం పొందికూడా 1921లో ఆ ఉద్యోగాన్ని వదులుకుని స్వాతంత్ర్యోద్యమంలో చేరారు.

9.2 చెరసాలలో దుర్గాపూజ

1924లో ప్రభుత్వం బోస్‌ను విచారణ లేకుండా నిర్బంధించింది. తరువాత బర్మాలోని మాండలే జైలుకు పంపింది. బెంగాలీలకు దుర్గాపూజ ఎంత పెద్ద పండుగో మీకు తెలుసు. 1925లో ఆయన తోటి ఖైదీలతో కలిసి జైలులోనే ఆ పూజ జరిపారు. అందుకైన ఖర్చు ఇవ్వడానికి ప్రభుత్వం నిరాకరించింది. క్రైస్తవ ఖైదీల పండుగలకు డబ్బు ఇస్తున్నప్పుడు తమకెందుకు ఇవ్వరన్నది వారి ప్రశ్న. 1926 ఫిబ్రవరిలో వారు నిరాహార దీక్ష చేశారు. చివరకు ప్రభుత్వం దిగివచ్చింది. పండుగ చేసుకోవడం కూడా ఒక హక్కేనని ఈ సంఘటన తెలుపుతుంది.

9.3 మంచు కొండల మధ్య

1937 డిసెంబరులో బోస్ ఆస్ట్రియాలోని బాడ్‌గాస్టైన్ అనే కొండ ఊరిలో ఉన్నారు. వేడినీటి ఊటలకు పేరుపొందిన ఆ ఊరికి ఆయన ఆరోగ్యం కోసం వెళ్లారు. బయట మంచు, ఎముకలు కొరికే చలి. ఎమిలీ షెంకెల్, మిత్రుడు ఎ.సి.ఎన్. నంబియార్ ఆయనకు తోడుగా ఉన్నారు. క్రిస్మస్ రోజులు అక్కడే గడిచాయి. ఆ విరామంలోనే, దాదాపు పది రోజుల్లో, ఆయన తన ఆత్మకథలో పది అధ్యాయాలు రాశారు. అది అసంపూర్తిగానే మిగిలిపోయింది.

9.4 అండమాన్‌లో జెండా పండుగ

ఆరేళ్ల తరువాత మరో డిసెంబరు వచ్చింది. 1943 అక్టోబరు 21న బోస్ సింగపూరులో ఆజాద్ హింద్ ప్రభుత్వాన్ని స్థాపించారు. అప్పటికి అండమాన్ నికోబార్ దీవులు జపాన్ సైన్యం చేతిలో ఉన్నాయి. వాటిని ఆజాద్ హింద్ ప్రభుత్వానికి అప్పగిస్తామని జపాన్ ప్రకటించింది. డిసెంబరు 29న ఆయన పోర్ట్ బ్లెయర్‌లో దిగారు. వెంట ఆనంద్ మోహన్ సహాయ్, ఆయన వ్యక్తిగత వైద్యుడు కల్నల్ డి.ఎస్. రాజు ఉన్నారు. తెలుగువాడైన ఈ రాజుగారే తరువాతి కాలంలో రాజమండ్రి నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు.

డిసెంబరు 30న జింఖానా మైదానంలో బోస్ త్రివర్ణ పతాకాన్ని ఎగురవేశారు. ఆ దీవులకు షహీద్, స్వరాజ్ అని పేర్లు పెట్టారు. దేశభక్తులు యాతనలు పడిన సెల్యులార్ జైలును దర్శించారు. అక్కడ చలి లేదు, మంచు లేదు. కాని ఇల్లు మాత్రం సముద్రానికి ఆవల ఉంది.

9.5 వేడుక వెనుక

ఈ ఘట్టానికి మరో వైపు కూడా ఉంది. అధికారం పేరుకు మాత్రమే చేతులు మారింది. పెత్తనం జపాన్ సైన్యానిదే. గూఢచారులన్న అనుమానంతో వారు స్థానికులను హింసించారు. బోస్ చుట్టూ జపాన్ అధికారులు ఉండటం వల్ల ప్రజలు తమ గోడు ఆయనకు చెప్పుకోలేకపోయారు. జైలులో చిత్రహింసలకు గురైన డాక్టర్ దివాన్ సింగ్ 1944 జనవరి 14న మరణించారు. జెండా ఎగిరిన సరిగ్గా నెలకు, జనవరి 30న, హంఫ్రీగంజ్ వద్ద 44 మందిని కాల్చి చంపారు.

బోస్ 1945 ఆగస్టు 18న తైపేలో విమాన ప్రమాదంలో మరణించినట్లు ప్రకటించారు. 2018లో నీల్, హేవ్‌లాక్ దీవులకు షహీద్, స్వరాజ్ అన్న పేర్లు పెట్టారు.

9.6 సారాంశం

మాండలేలో పండుగ హక్కు అయింది. బాడ్‌గాస్టైన్‌లో విశ్రాంతి అయింది. పోర్ట్ బ్లెయర్‌లో ఒక జాతి ఆశ అయింది. ఆ ఆశను గౌరవిద్దాం. ఆనాడు నోరు విప్పలేకపోయిన వారినీ మరచిపోకుండా ఉందాం.

పాఠగత ప్రశ్నలు

1. మాండలే జైలులో ఖైదీలు నిరాహార దీక్ష ఎందుకు చేశారు?
2. అండమాన్ ప్రజలు తమ బాధలు బోస్‌కు ఎందుకు చెప్పుకోలేకపోయారు?
3. మీరు ఇంటికి దూరంగా జరుపుకున్న ఒక పండుగ గురించి పది వాక్యాలు రాయండి.