సుబేదారు ఇంటి పెంపకం



ఉపాసక, ఉపాసికలారా! ఆయుధం మీద మోజు గానీ, భయం గానీ, వివేకం గానీ పిల్లలకు మొదట ఇంట్లోనే కలుగుతుంది. బాబాసాహెబ్ అంబేడ్కర్ గారి జీవితం చూస్తే ఈ సంగతి బాగా తెలుస్తుంది.

బాబాసాహెబ్ 1891 ఏప్రిల్ 14న ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని మౌ అనే కంటోన్మెంటు ఊళ్లో పుట్టారు. తాత మాలోజీ సిపాయి. నాయిన రాంజీ సక్పాల్ సుబేదారు. తల్లి భీమాబాయి పుట్టిల్లు కూడా పటాలం ఇల్లే. ఇట్లాంటి ఇంట్లో పెరిగిన పిల్లగాడికి తుపాకే గొప్పదనిపించాలి. అట్ల కాలేదు. ఎందుకు?

రాంజీ గారు ఏండ్ల తరబడి సైనిక బడిలో హెడ్మాస్టరుగా పనిచేశారు. ఆ రోజుల్లో సిపాయిల పిల్లలకు, ఆడపిల్లలతో సహా, చదువు తప్పనిసరి. ఊరి బడి మనల్ని గడప తొక్కనియ్యని కాలంలో పటాలం ఆ కుటుంబానికి అక్షరం ఇచ్చింది. రాంజీ గారు కబీరు పంథాను నమ్మిన మనిషి, మద్యం ముట్టలేదు. పొద్దున, మాపున ఇంట్లో భజన జరిగేది, పిల్లలు కూర్చోవాల్సిందే. కొడుకు పుస్తకం అడిగితే, చేతిలో పైసలు లేకున్నా కూతుళ్ల నగలు కుదువ పెట్టి కొనిచ్చారు.

1892 ప్రాంతంలో బ్రిటిషు సర్కారు మహర్లను సైన్యంలో చేర్చుకోవడం ఆపేసింది. తరతరాలు తుపాకి మోసినా కులం పోలేదు, కొలువూ నిలవలేదు. 1917లో బాబాసాహెబ్ బరోడా సంస్థానంలో సైనిక కార్యదర్శి అయ్యారు. అంత హోదా ఉన్నా, దిగిన సత్రం నుంచి కట్టెలు పట్టుకొచ్చిన మనుషులు వెళ్లగొట్టారు.

1927 మార్చి 20న మహాడ్‌లో చవ్‌దార్ చెరువు నీళ్లు తాగినందుకు మన వాళ్లను కట్టెలతో కొట్టారు. ఆ సభకు వచ్చినవాళ్లలో రిటైరైన సిపాయిలు ఉన్నారు. బాబాసాహెబ్ ఊ అంటే చాలు, ఎదురు కొట్టేవాళ్లే. ఆయన అనలేదు. శాంతంగా ఉండమని చెప్పి, కోర్టులో కొట్లాడారు. 1937లో బొంబాయి హైకోర్టు మన దిక్కు తీర్పిచ్చింది. పదేండ్లు పట్టినా ఆ గెలుపు నిలిచింది.

అట్లని ఆయనకు సైన్యం అంటే అసహ్యం లేదు. మహర్లకు పటాలం తలుపు తెరవాలని గట్టిగా అడిగారు. 1941లో మహర్ రెజిమెంటు ఏర్పడింది. చివరి రోజుల్లో రాసిన బుద్ధ ధమ్మ గ్రంథంలో చంపాలనే కోరికనూ, చంపక తప్పని అవసరాన్నీ వేరు చేసి చెప్పారు. కోరికతో చంపడమే ధమ్మానికి విరుద్ధం. 1956 నవంబరులో ఖాట్మండులో మాట్లాడుతూ, బలంతో తెచ్చిన మార్పు బలం ఉన్నంత కాలమే ఉంటుందనీ, మనసు మారితేనే నిలుస్తుందనీ వివరించారు. డిసెంబరు 6న పరినిర్వాణం చెందారు.

మన బెల్లంపల్లి బొగ్గుబాయి బస్తీలకు తుపాకి మాట కొత్త గాదు. అడవి దారి పట్టిన పిల్లల కోసం ఎదురుచూసిన తల్లులు ఈ ప్రాంతంలో ఎందరో. ఆ పిల్లల కోపానికి కారణాలు ఉన్నాయి, అన్యాయం కండ్ల ముందే ఉంది. ఆ కోపం ఏ దారి పట్టాలో చూపించేది మన ఇల్లే.

కాబట్టి మాపటికి బుద్ధ వందనం అయినంక పిల్లలతో కొంచెంసేపు పుస్తకం చదివించండి. తాగిన చెయ్యి ఇంట్లో ఎవరి మీదా లేవొద్దు. ప్రాణి హింస వద్దనే మొదటి శీలం, మత్తు వద్దనే ఐదో శీలం ఒకే ఇంట్లో కలిసి నడవాలి. సుబేదారు రాంజీ గారి ఇంటిని చూసి మనం నేర్చుకోవాల్సింది ఇదే.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.