మైకేల్ ఫారడేకు దొరకిన మొదటి పని

ప్రతి సంవత్సరమును పరీక్షలు ముగిసిన పిమ్మట మా విద్యార్థులలో కొందఱు సర్టిఫికెట్ల కొఱకు వచ్చి, ఇక పని యెక్కడ దొరకునని మమ్ము అడుగుచుందురు. వారి తలిదండ్రులును ఆ ప్రశ్ననే వేయుదురు. దూరపు పట్టణములకు పోయినగాని ఉద్యోగము లభింపదనియు, గొప్పవారి సిఫారసు లేనిదే యెవరును గడప దాటనీయరనియు, చిన్నపనిలో ప్రవేశించినవాడు జన్మమంతయు ఆ చిన్నపనిలోనే యుండిపోవుననియు పలువురి నమ్మకము. ఈ నమ్మకములలో కొంత నిజము లేకపోలేదు. ఐనను తన యింటికి కొన్ని వీథుల దూరములోనే మొదటి పని సంపాదించుకొని, ఆ పనివలననే లోకమున కంతటికి ఉపకారియైన యొక బీద కమ్మరి కుమారుని చరిత్రను ఈ సంచికలో చెప్పదలచితిమి. విద్యుచ్ఛక్తిని యంత్రములచే పుట్టించుటకు మూలమైన సత్యమును కనుగొనిన మైకేల్ ఫారడేయే ఆతడు.

మైకేల్ 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీని లండను నగరమునకు దక్షిణముననున్న న్యూయింగ్టను అను చోట జన్మించెను. తండ్రి జేమ్సు ఇంగ్లండు ఉత్తరభాగమునుండి జీవనార్థము వచ్చిన కమ్మరి; తల్లి మార్గరెట్టు. నలుగురు బిడ్డలలో మైకేల్ మూడవవాడు. అతడింకను చిన్నవాడై యుండగనే ఆ కుటుంబము థేమ్సు నది దాటి, మాంచెస్టరు స్క్వేరు చెంత జేకబ్స్ వెల్ మ్యూస్ అను ఇఱుకు సందులో, గుఱ్ఱపుబండ్ల శాలపై నున్న గదులలో కాపురముండెను. తండ్రి తఱచు జబ్బుపడుచుండుటచే కొలిమి సరిగా సాగలేదు. 1801వ సంవత్సరమున ధాన్యపు ధర మిక్కిలి హెచ్చినప్పుడు మైకేలునకు వారమునకొక రొట్టె మాత్రమే యిచ్చుచుండిరట! ఆ యొక్క రొట్టెతోనే వాడు ఆ వారమంతయు గడుపుకొనవలసి యుండెను. చదువా, చదువుట, వ్రాయుట, లెక్కలు వేయుట అను మూటిని దాటి పోలేదు. ఐనను ఆ యింట ఒక్క సంపద కొఱవడలేదు. వారు శాండిమనీయులను ఒక చిన్న క్రైస్తవ సంఘమునకు చెందినవారు. ఆ సంఘమున జీతముగల బోధకులు లేరు. ధనము కూడబెట్టుట తగదని వారి యభిప్రాయము. దైవభక్తియు, చేసిన పని సరిగా చేయవలెనను నియమమును మైకేలునకు ఆ యింటనే అలవడెను.

1804వ సంవత్సరమున, పదుమూడేండ్ల ప్రాయమున, వానికి మొదటి పని దొరకెను. వారి సందుకు కొద్ది దూరములోనే బ్లాండ్‌ఫర్డు వీథి కలదు. ఆ వీథిలో రెండవ నంబరు ఇంట జార్జి రీబో అనునతడు పుస్తకములమ్ముచు, పుస్తకములు బైండు చేయుచు ఉండెను. ఆయన మైకేలును పనికుఱ్ఱవానిగా చేర్చుకొనెను. ఆ దినములలో వార్తాపత్రికలపై సుంకము హెచ్చుగా నుండుటచే సామాన్యులు పత్రికను కొనలేక అద్దెకు తెచ్చుకొని చదువుచుండెడివారు. తెల్లవాఱగనే పత్రికను ఒక యింటికి కొనిపోయి యిచ్చుట, నియమిత కాలమునకు మరల పోయి దానిని తెచ్చి వేఱొక యింటికి చేర్చుట, ఇదియే మైకేలు పని. ఆదివారములందు ప్రార్థనవేళకు తలిదండ్రులతో గూడి మందిరమునకు పోవలెనను తలంపుతో అతడు మిగుల వేకువనే బయలుదేఱెడివాడు. ఒక యింటివారు పత్రికను త్వరగా ఈయకున్నయెడల వాని దారియంతయు ఆలస్యమగును గదా! ఇది గొప్ప యుద్యోగమని ఎవరనగలరు? కాని వేళ తప్పకుండుటయు, పరుల వస్తువును పదిలముగా తిరిగి తెచ్చి యప్పగించుటయు ఆ వీథులలోనే వానికి అభ్యాసమయ్యెను.

ఒక సంవత్సరము గడచెను. 1805వ సంవత్సరము అక్టోబరు 7వ తేదీని రీబో వానిని ఏడేండ్ల శిష్యరికమునకు తీసికొని ఒడంబడిక వ్రాయించెను. ఆ కాలమున బిడ్డను ఒక వృత్తిలో శిష్యునిగా చేర్పవలెనన్న తండ్రి యజమానునికి కొంత సొమ్ము ముందుగా చెల్లింపవలసియుండెను. జేమ్సు ఫారడేకు ఆ శక్తి యెక్కడిది? కుఱ్ఱవాడు అంతవఱకు చేసిన నమ్మకమైన సేవనే ప్రతిఫలముగా నెంచి, రీబో సొమ్మేమియు పుచ్చుకొనలేదు. పత్రికలు మోసిన ఆ యొక్క యేడే మైకేలునకు మొదటి సర్టిఫికెట్టు అయ్యెనని మేము తలంతుము.

శిష్యరికములో మైకేలు కాగితములు కుట్టుట, అట్టలు వేయుట, తోలు తొడుగుట చక్కగా నేర్చుకొనెను. అంతటితో నిలువక, బైండు చేయుటకు వచ్చిన పుస్తకములను చదువసాగెను. ఒక సర్వవిజ్ఞాన గ్రంథములోని విద్యుత్తును గూర్చిన వ్యాసము వాని మనస్సును పట్టుకొనెను. జేన్ మార్సెట్ అను విదుషి రసాయనశాస్త్రమును గూర్చి సంభాషణల రూపమున వ్రాసిన గ్రంథము వానికి రెండవ గురువయ్యెను. చదివినది నిజమో కాదో చూడవలెనని, తనకు దొరకిన కొద్ది కాసులతో సామగ్రి కొని, చిన్న చిన్న పరీక్షలు తానే చేసికొనుచుండెను. రీబో దీనికి కోపపడక ప్రోత్సహించెను. అట్టి యజమాను లందఱకును దొరకరు. దొరకినపుడు కృతజ్ఞులమై యుండవలెను. ఆ యింటనే బసచేసిన చిత్రకారుడు మాస్కెరియే వానికి చిత్రలేఖనము నేర్పెను. మైకేలు అందులకు బదులుగా ఆయన గదిని తుడిచి, పాదరక్షలకు మెఱుగుపెట్టుచుండెను. 1810వ సంవత్సరము మొదలుకొని టాటమ్ అను నాయన తన యింట సాయంకాలములయందిచ్చు శాస్త్రోపన్యాసములకు మైకేలు పోసాగెను. ఉపన్యాసమునకొక షిల్లింగు రుసుము. ఆ షిల్లింగును కమ్మరిపని చేయుచుండిన అన్న రాబర్టు ఇచ్చుచుండెను. అన్న యిచ్చిన ఆ నాణెములకు ఈ చరిత్రలో చిన్నస్థానము కాదు.

1812వ సంవత్సరమున రీబో అంగడికి వచ్చు డాన్సు అను పెద్దమనిషి, ఈ యువకుని ఆసక్తిని చూచి, రాయల్ ఇన్‌స్టిట్యూషను అను విజ్ఞానశాలలో సర్ హంఫ్రీ డేవీ యిచ్చు కడపటి నాలుగు ఉపన్యాసములకు టిక్కెట్ల నిచ్చెను. మైకేలు పైయంతస్తున గడియారమునకు మీదుగా కూర్చుండి, విన్నదానిని గుఱుతులు వ్రాసికొనెను. ఇంటికి వచ్చి వానిని విపులముగా వ్రాసి, పటములు గీసి, తన చేతులతోనే చక్కని పుస్తకముగా బైండు చేసెను. ఇంతకాలము నేర్చిన సమస్తమును, అనగా చదువు, చిత్రలేఖనము, బైండు పని, ఆ యొక్క పుస్తకములో ఇమిడెను.

ఇక కష్టకాలము. శాస్త్రమునకు సంబంధించిన యే చిన్నపనియైనను చాలునని అతడు రాయల్ సొసైటీ అధ్యక్షుడైన సర్ జోసెఫ్ బాంక్సునకు వినయముతో నుత్తరము వ్రాసెను. ప్రత్యుత్తరము రాలేదు. విచారింపబోగా, జవాబేమియు లేదని ద్వారముకడనే తెలిసెను. 1812 అక్టోబరులో శిష్యరికము ముగిసి, అతడు వేఱొక యజమానునియొద్ద జీతమునకు బైండింగు పనిలో చేరెను. అంతకుముందే తండ్రి మరణించెను. తల్లిని ఆదరింపవలసిన భారము మీదనుండెను. క్రొత్త యజమానుడు కోపిష్ఠి. పరీక్షలకును చదువునకును తీరిక లేకపోయెను. మాసెడు కూటికై మనస్సునకిష్టములేని వృత్తిలో జీవితమంతయు గడపవలసినదేనా యను దిగులు వానిని బాధించెను. ఐనను పని విడువలేదు, ఆశయు విడువలేదు. ఆ సంవత్సరము డిసెంబరులో డేవీకి ఉత్తరము వ్రాసి, దానితో తాను బైండు చేసిన ఉపన్యాసముల పుస్తకమును పంపెను.

డేవీ దయతో ప్రత్యుత్తరమిచ్చి, 1813 జనవరిలో వానిని పిలిపించి మాటలాడెను. కాని అప్పుడు ఖాళీ లేదు. శాస్త్రమును నమ్ముకొని చేతిలోని వృత్తిని విడువవలదని ఆయన హితవు చెప్పెను. యువకుడు తన బల్లయొద్దకు తిరిగి పోయెను. కొన్ని వారములకు ఆ విజ్ఞానశాలలోని సహాయకుడొకడు తోడి పనివానితో కొట్లాడినందున తొలగింపబడెను. ఒకనాటి రాత్రి ఫారడేవారి యింటిముందు బండి ఆగెను. బంట్రోతు డేవీ వ్రాసిన చీటిని అందిచ్చెను. 1813వ సంవత్సరము మార్చి 1వ తేదీని మైకేల్ ఫారడే ప్రయోగశాలా సహాయకుడుగా నియమింపబడెను. వారమునకిరువదియైదు షిల్లింగుల జీతము, మేడమీద రెండు గదులు, బొగ్గు, కొవ్వొత్తులు ఇచ్చిరి. పత్రికలు మోసిన బ్లాండ్‌ఫర్డు వీథికిని ఈ విజ్ఞానశాలకును నడుమ సుమారొక మైలు దూరము. ఆ మైలు నడచుటకు వానికి తొమ్మిదేండ్లు పట్టెను.

క్రొత్త పనిలోను అవమానములు తప్పలేదు. ఆ యేడు అక్టోబరులో డేవీ దంపతులతో ఐరోపాఖండ యాత్రకు బయలుదేఱినపుడు, శాస్త్రసహాయకుడుగా పోయినవాడు సేవకుని పనులు కూడ చేయవలసి వచ్చెను. అతడు సహించెను, సహించుచు, ఆ దేశములలోని విద్వాంసులను చూచి నేర్చుకొని, 1815వ సంవత్సరమున తిరిగివచ్చి అదే విజ్ఞానశాలలో మరల పనిలో ప్రవేశించెను. ఆ కట్టడముననే 1821వ సంవత్సరమున విద్యుత్ప్రవాహముచే తీగ అయస్కాంతముచుట్టు తిరుగునట్లు చేసి చూపెను. 1825వ సంవత్సరమున బెంజీను అను ద్రవమును కనుగొనెను. 1831వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీని ఆయన ఆరంభించిన పరీక్షలవలన, అయస్కాంతబలమునందలి మార్పుచే తీగలో విద్యుత్తు పుట్టునని తేలెను. నేటి విద్యుదుత్పత్తి యంత్రములకు మూలమిదియే. బాలబాలికల కొఱకు క్రిస్మసు దినములలో పందొమ్మిది పర్యాయములు ఉపన్యాసముల నిచ్చెను. రాయల్ సొసైటీ అధ్యక్షపదవి తనకు చూపబడినపుడు వలదని, సామాన్యుడుగనే యుండ నిశ్చయించుకొనెను. తన సంఘమున పెద్దగా సేవచేసెను. 1867వ సంవత్సరము ఆగస్టు 25వ తేదీని ప్రభువునందు నిద్రించెను.

పిల్లలారా, ఈ చరిత్రనుండి మీరందఱును ఫారడేలు కావలెనని మేము కోరుట లేదు. రీబో అంగడిలో ఆతనితో పని నేర్చిన వారిద్దఱిలో ఒకడు గాయకుడును, మఱియొకడు హాస్యనటుడును అయిరట. ఒక అంగడి గుమ్మమునుండి మూడు త్రోవలు వెడలెను. మొదటి పని మన గమ్యము కాదు. బయలుదేఱు చోటు మాత్రమే. కావున దూరపు కొండలను చూచుటకు ముందు మీ వీథిలోని అంగళ్లను, అచ్చుకూటములను, మందుల దుకాణములను, కర్మశాలలను చూడుడు. వినయముతో పోయి అడుగుడు. మాటతో పాటు మీ చేతిపని ఏదైనను కొనిపోయి చూపుడు. బాంక్సునకు పోయిన వట్టి ఉత్తరము వ్యర్థమయ్యెను, డేవీకి పుస్తకముతో పోయిన ఉత్తరము ఫలించెను. ఒకరు లేదన్నచో మఱియొకరిని అడుగుడు. వేఱొకటి దొరకువఱకు చేతిలోనున్న పనిని సరిగా చేయుడు.

తలిదండ్రులకును ఒక మనవి. బిడ్డ చిన్నపనిలో చేరినాడని, చేరినదని యిరుగుపొరుగువారియెదుట సిగ్గుపడవలదు. రాబర్టువలె ఆ బిడ్డ చదువునకొక షిల్లింగును మిగుల్చుడు. పని యిచ్చు పెద్దలు రీబోవలె శిష్యుల ఆసక్తిని గుర్తింతురు గాక. ఖాళీ యెప్పుడు కలుగునో మన చేతిలో లేదు. అది దేవుని చిత్తము. ఖాళీ కలిగిననాడు సిద్ధముగా నుండుట మాత్రము మన వంతు. ఈ యేడు మా పాఠశాల విడచి పోవు విద్యార్థులందఱకు ఆ సిద్ధపాటును దేవుడు అనుగ్రహించునుగాక యని ప్రార్థించుచున్నాము.