జోలె నుంచి డిపో దాకా

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంత పల్లెల్లో వరి అన్నం ఒకప్పుడు అందరికీ రోజూ దొరికే తిండి కాదు. సొంత మడి ఉన్న రైతుల మాట వేరు. కూలీనాలీ చేసుకునే ఇళ్లకు చోడి అంబలి, గంటెల అన్నమే ఆధారం. సీతంపేట, పార్వతీపురం కొండల్లో వానాకాలం తిండిగింజలు నిండుకుంటే మామిడి టెంకల పిండితో అంబలి కాచుకునేవారు. అలాంటి ఇళ్లకు కిలో రెండు రూపాయల బియ్యం అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ఆ బియ్యాన్ని డిపోలకు చేర్చిన ముఖ్యమంత్రి నందమూరి తారక రామారావు.

ఆయన 1923 మే 28న కృష్ణా జిల్లా నిమ్మకూరులో రైతు కుటుంబంలో పుట్టారు. చదువుకునే రోజుల్లో బెజవాడ హోటళ్లకు సైకిలు మీద పాలు పోసేవారు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఉద్యోగం వచ్చినా కొద్ది రోజులకే వదిలి మద్రాసు వెళ్లారు. 1949లో మనదేశంతో తెర మీదికి వచ్చారు. ఆ తర్వాత సంగతి పల్లెటూరి టెంటు హాలుకు వెళ్లిన వారందరికీ తెలిసిందే.

ఆయనకు కరువు కొత్త కాదు. 1952లో రాయలసీమ క్షామానికి తోటి నటులతో కలిసి ఊరూరా జోలె పట్టి చందాలు పోగుచేశారు. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు అక్కినేని నాగేశ్వరరావుతో కలిసి మళ్లీ వీధుల్లోకి వచ్చారు. జనం ఉన్నంతలో ఇచ్చారు. కాని చందా డబ్బు ఎన్నాళ్లు వస్తుంది? ఉప్పెన ఒకసారి వచ్చిపోతుంది. పేదవాడి ఇంట ఆకలి ప్రతి ఏడాదీ పంటకు ముందు నెలల్లో వస్తుంది. దానికి జోలె చాలదు, సర్కారు ఖజానాయే కదలాలి.

1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీ పెట్టి, చైతన్య రథం మీద రాష్ట్రమంతా తిరిగారు. కిలో రెండు రూపాయలకే బియ్యం ఇస్తామన్నారు. డబ్బెక్కడిదని ఎదుటి పక్షం ఎగతాళి చేసింది. చిత్రమేమంటే, ఎన్నికలు దగ్గర పడేసరికి కోట్ల విజయభాస్కర రెడ్డి ప్రభుత్వమే రూపాయి తొంభై పైసలకు బియ్యం ఇస్తామంటూ ముందుకు వచ్చింది. పది పైసలు తక్కువైనా ఓటరు అటు మొగ్గలేదు. 1983 జనవరి 9న రామారావు ముఖ్యమంత్రి అయ్యారు.

పొరుగున మద్రాసు రాష్ట్రంలో అన్నాదురై 1967లోనే రూపాయికి పడి బియ్యం మొదలుపెట్టారు. డబ్బు చాలక అది మద్రాసు, కోయంబత్తూరు నగరాలు దాటలేదు. రామారావు పథకం పల్లెకూ వచ్చింది. ఆదాయం తక్కువున్న కుటుంబానికి కార్డు ఇచ్చి, తలకు ఐదు కిలోల చొప్పున నెలకు ఇరవై అయిదు కిలోలు మించకుండా లెక్క కట్టారు. కేంద్రం కోటా చాలక రాష్ట్రం తానే కొనవలసి వచ్చేది. కొన్న ధరకూ అమ్మిన ధరకూ తేడా ఖజానా భరించింది. మన ఏజెన్సీలో గిరిజన సహకార సంస్థ డిపోల ద్వారా బియ్యం కొండ మీదికి వెళ్లింది.

లోపాలు లేవని కాదు. దొంగ కార్డులు పుట్టాయి. డిపో బియ్యం కొంత దొడ్డిదారిన మిల్లుకు చేరింది. అంతకంటె పెద్ద తప్పు సారా. ప్రభుత్వమే వారుణి వాహిని పేరిట సారా ప్యాకెట్లు పల్లెలకు పంపింది. బియ్యంలో ఇల్లాలికి మిగిలిన డబ్బు సాయంత్రానికి సారా దుకాణంలో పడేది. ఖజానాకు సారా రాబడి, ఇంటికి పస్తు! ఈ లెక్క ఆయనకు ఆలస్యంగా తెలిసింది. నెల్లూరు జిల్లా ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డాక, 1994 ఎన్నికల్లో రెండు రూపాయల బియ్యంతో పాటు మద్య నిషేధం కూడా వాగ్దానం చేశారు.

1989లో ఆయన ఓడిన తర్వాత బియ్యం ధర పెరిగింది. 1994లో హిందూపురంతో పాటు మన టెక్కలి నుంచీ పోటీ చేసి రెండుచోట్లా నెగ్గారు. హిందూపురం ఉంచుకుని టెక్కలి వదిలారు. టెక్కలి వారికి అది వెలితే. డిసెంబరు 12న ప్రమాణం చేసిన నాడే బియ్యం ధర మళ్లీ రెండు రూపాయలకు దించే ఫైలుపై సంతకం పెట్టారు. 1995 ఆగస్టులో సొంత పార్టీ చీలికతో పదవి పోయింది. 1996 జనవరి 18న కన్నుమూశారు.

అదే ఏడాది కిలో మూడున్నర రూపాయలైంది. 2008లో వై.ఎస్. రాజశేఖర రెడ్డి ప్రభుత్వం తిరిగి రెండు రూపాయలకు తెచ్చింది. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చి, చౌక బియ్యం దేశమంతటా కార్డుదారుల హక్కయింది. 2023 జనవరి నుంచి ఆ చట్టం కింద ఇచ్చే బియ్యానికి కార్డుదారు నుంచి పైసా తీసుకోరాదని కేంద్రం నిర్ణయించింది.